చుక్కి ఎందుకు కక్కుతోంది?

"సార్, మా చుక్కి వారానికి మూడు నాలుగుసార్లు కక్కతా ఉంది. ఎందుకో చెప్పండి!"

నెల్లూరు తీరాన ఉన్న కోటలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. చుక్కి అంటే వాళ్ల పిల్లి. వయసు ఏడాదిన్నర. నుదుట నల్లచుక్క ఉంది కనుక ఆ పేరు పెట్టారు. వాళ్ల ఇల్లు బజారు వీధిలో ఉంది. బయట లారీలు, చేపల బండ్లు, వీధికుక్కలు. అందువల్ల చుక్కిని గడప దాటనివ్వరు. ఇంట్లోనే తింటుంది, ఇంట్లోనే తిరుగుతుంది, అమ్మ కుట్టుమిషను పక్కన పడుకుంటుంది.

అయితే అది ఎందుకు కక్కుతోందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ ముందే తెలుసట! "చేపముల్లు గుచ్చుకుంది" అంది అవ్వ. "పాలు పడటం లేదు" అన్నాడు నాయన. "పిల్లులన్నీ అంతే, వెంట్రుకలు మింగి కక్కుతాయి" అన్నారు పక్కింటివాళ్లు. "జ్వరం బిళ్ల అర ముక్క వేసి చూడండి" అన్నాడు పెదనాన్న. నలుగురు నాలుగు మాటలు చెప్పారు. వాటిలో ఏది నిజమో తేల్చే సాక్ష్యం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నేనూ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పగలిగేది కాదు కూడా. ఎందుకంటే వాంతి అనేది ఒక జబ్బు పేరు కాదు. అది ఒక లక్షణం మాత్రమే. ఇంట్లో దీపం ఆరిపోయిందంటే బల్బు మాడి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు, వీధి చివర తీగ తెగి ఉండవచ్చు. చీకటి ఒక్కటే, కారణాలు అనేకం. వాంతి కూడా అంతే. మరి అసలు కారణాన్ని కనుక్కోవడం ఎలా? చుక్కి కథ ద్వారా చూద్దాం.

వాంతి ఎలా అవుతుంది?

ముందు వాంతి అంటే ఏమిటో తెలుసుకోవాలి. జీర్ణాశయం తనంతట తానే ఆహారాన్ని బయటికి విసిరేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆజ్ఞ మెదడు నుంచి వస్తుంది. మెదడు అడుగుభాగాన మజ్జాముఖం అనే భాగం ఉందని మీరు పాఠంలో చదివే ఉంటారు. వాంతిని నడిపించే నాడీకణాలు అక్కడే ఉన్నాయి. జీర్ణాశయంలో గాని, పేగుల్లో గాని ఏదైనా చికాకు కలిగితే నాడుల ద్వారా అక్కడికి కబురు అందుతుంది. రక్తంలో విషపదార్థం ఉన్నా అక్కడికి తెలుస్తుంది. మజ్జాముఖంలోనే రక్తాన్ని "రుచి చూసే" చిన్న ప్రదేశం ఒకటి ఉంది. 1950 ప్రాంతంలో అమెరికాలో హెర్బర్ట్ బోరిసన్, ఎస్. సి. వాంగ్ అనే శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగాలవల్ల ఈ సంగతి బయటపడింది. వారు ఆ ప్రయోగాలు చేసింది పిల్లుల మీద, కుక్కల మీదనే!

కబురు అందగానే ఆజ్ఞ వెలువడుతుంది. నోట్లో లాలాజలం ఊరుతుంది. ఉదరవితానమూ, పొట్ట కండరాలూ కలిసి జీర్ణాశయాన్ని గట్టిగా నొక్కుతాయి. ఆహారవాహిక కింది ద్వారం తెరుచుకుంటుంది. లోపలిది బయటికి వస్తుంది. పాడైన తిండినీ, విషాన్నీ వదిలించుకోవడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు ఇది. ఈ ఏర్పాటు అన్ని జంతువులకూ లేదు. ఉదాహరణకు ఎలుక వాంతి చేసుకోలేదు.

పిల్లి మనసుకూ దాని పొట్టకూ కూడా సంబంధం ఉంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఆ తర్వాత కొద్దికాలానికే అమెరికాలో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి పిల్లులకు బిస్మత్ లవణం కలిపిన ఆహారం పెట్టి, ఎక్స్ కిరణాల సాయంతో వాటి జీర్ణాశయం కదలికలను చూశాడు. 1898లో ఆ ఫలితాలను ప్రచురించాడు. పిల్లి బెదిరినా, కోపగించుకున్నా జీర్ణాశయం కదలికలు ఆగిపోయేవి. శాంతించగానే మళ్లీ మొదలయ్యేవి. కనుక పిల్లి జబ్బుపడితే దాన్ని తరిమి పట్టుకుని, కట్టేసి, నోరు తెరిచి చేసే వైద్యం మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మొదట చేయవలసినవి, చేయకూడనివి

పరిశోధన మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: పరిశోధనకు వ్యవధి ఉందా? కొన్ని గుర్తులు కనిపిస్తే పుస్తకం, పెన్సిలు పక్కన పెట్టి వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. అవి ఇవి: ఒకే రోజులో పదే పదే వాంతులు కావడం, వాంతిలో రక్తం, ఒక రోజంతా ఏమీ తినకపోవడం, మూల చేరి కదలకుండా ఉండటం, మూత్రం రాక అవస్థపడటం, ఎలుకల మందు తిన్నదనే అనుమానం.

దారం మింగిందనే అనుమానం ఉన్నా ఇదే పని చేయాలి. పిల్లి నాలుకను ఎప్పుడైనా తాకారా? గరుకుగా ఉంటుంది. దాని మీద సన్నని ముళ్లు ఉంటాయి. అవన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. అందువల్ల నోట్లోకి వెళ్లిన దారాన్ని పిల్లి ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి చేరితే పేగు ఆ దారం మీదికి ముడతలు పడుతూ పోతుంది. చివరకు దారం పేగును కోసివేయవచ్చు. నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని దారం కనిపిస్తే ఎన్నడూ లాగకండి. చుక్కి వాళ్ల ఇంట్లో అమ్మ జాకెట్లు కుడుతుంది కనుక మేము మొదట భయపడింది దీనికే. పూలు కట్టిన దారం, చేపలవలల నైలాన్ దారం కూడా ఇంతే ప్రమాదకరమైనవి.

ఇక పెదనాన్న చెప్పిన జ్వరం బిళ్ల సంగతి. అది పారాసెటమాల్. మన కాలేయం ఆ మందును మరొక పదార్థంతో జతచేసి, హాని లేకుండా మూత్రంలో పంపేస్తుంది. ఆ పనికి కావలసిన ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందువల్ల మందు విషంగా మారుతుంది. రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోలేని స్థితికి వస్తుంది. ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు. అదృష్టవశాత్తూ ఆ అమ్మాయి బిళ్ల వేయకముందే నన్ను అడిగింది. మనుషుల మందులు ఏవైనా సరే, పశువైద్యుడు చెప్పనిదే పిల్లికి ఇవ్వకూడదు.

చుక్కికి ఈ ప్రమాద సూచనలేవీ లేవు. తింటోంది, ఆడుతోంది. కనుక పరిశోధన మొదలుపెట్టాము.

పుస్తకంలో రాసినది

"కక్కతా ఉంది" అంటే చాలదు. ఎప్పుడు? ఎన్నిసార్లు? ఏమి వచ్చింది? ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ఆరు గళ్లు గీసింది. తేదీ, సమయం, తిని ఎంతసేపయింది, ఏమి తిన్నది, ఏమి బయటికి వచ్చింది, కక్కేముందు పిల్లి ఏమి చేసింది.

చివరి గడి ఎందుకని అడగవచ్చు. పొట్ట ఎగసిపడుతూ, ఒళ్లంతా ఊగుతూ బయటికి వస్తే అది వాంతి. ఏ ప్రయాసా లేకుండా, తల వంచగానే తిన్నది తిన్నట్లు జారిపడితే అది వాంతి కాదు. ఆహారం జీర్ణాశయం దాకా పోనే లేదన్నమాట. మెడ చాచి, నేలకు కరుచుకుని, చప్పుడు చేసి, చివరకు ఏమీ కక్కకపోతే అది దగ్గు కావచ్చు. మూడూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. కారణాలు మాత్రం వేరు వేరు చోట్ల ఉంటాయి.

వారానికి ఒకసారి పిల్లిని తూచాలని కూడా చెప్పాను. వీధి మొదట్లో ఉన్న కిరాణాకొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద సంచిలో పెట్టి తూచారు. తర్వాత ఖాళీ సంచిని తూచి తీసివేశారు.

మూడు వారాల తర్వాత పుస్తకం చూస్తే పన్నెండు వాంతులు ఉన్నాయి. వాటిని వరుసగా చదివితే ఏమీ బోధపడలేదు. రకాలుగా విడదీస్తే మాత్రం మూడు గుంపులు తేలాయి:

మొదటి గుంపు: ఐదుసార్లు. తిన్న అరగంటలోపే. అన్నం, చేప జీర్ణం కాకుండానే వచ్చాయి.

రెండవ గుంపు: రెండుసార్లు. వెంట్రుకల ఉండ.

మూడవ గుంపు: ఐదుసార్లు. తెల్లవారుజామున. తెల్లటి నురుగు, పచ్చటి పసరు. అందులో ఒకసారి బొద్దింక కాలు ఒకటి.

ఒకే లక్షణానికి ఒకే కారణం ఉండాలని ఎవరు చెప్పారు? ఒకటికన్నా ఎక్కువ కారణాలు ఒకేసారి పనిచేస్తూ ఉండవచ్చు. అవ్వా, నాయనా, పక్కింటివాళ్లూ అందరూ కొంత కొంత ఒప్పే కావచ్చు, అందరూ తప్పే కావచ్చు.

బరువు గడిలో మరొక సంగతి కనిపించింది. మొదటి వారం 3 కిలోల 100 గ్రాములు. మూడవ వారం చివర 2 కిలోల 900 గ్రాములు. రెండు వందల గ్రాములే కదా అనిపిస్తుంది. కాని 46 కిలోల మనిషి మూడు వారాల్లో 3 కిలోలు తగ్గితే ఊరుకుంటామా? లెక్క కట్టి చూడండి, నిష్పత్తి ఇంచుమించు అదే. ఇక ఆలస్యం చేయకుండా పిల్లిని పశువైద్యుని దగ్గరికి తీసుకుపోయారు.

"పురుగులు లేవు" అని రాయవచ్చా?

వైద్యుడు ఆ నోటుపుస్తకాన్ని శ్రద్ధగా చదివాడు. చుక్కి నాలుక కింద చూశాడు, దారం లేదు. పొట్ట తడిమి చూశాడు; గడ్డ లేదు. గొంతులో ముల్లూ లేదు. జ్వరం లేదు. మలం పరీక్ష చేయించాడు. పురుగుల గుడ్లు కనిపించలేదు. తిండిలో మార్పులు చెప్పి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు.

ఆ అమ్మాయి పుస్తకంలో "పురుగులు లేవు" అని రాసుకుని వచ్చింది. నేను ఆ మాట కొట్టివేయించి, "ఈ పరీక్షలో గుడ్లు కనిపించలేదు" అని రాయించాను.

"రెండూ ఒకటే కదా సార్?" అంది.

ఒకటి కాదు. ఎందుకు కాదో కాస్త ఆగి చూద్దాం.

ఒకసారికి ఒక్క మార్పు

పాలు మానిపించి, పళ్లెం మార్చి, తిండి మార్చి, రోజూ దువ్వి, అన్నీ ఒకేరోజు మొదలుపెడితే ఏమవుతుంది? పిల్లికి నయం కావచ్చు. కాని దేనివల్ల నయమైందో తెలియదు. తెలియకపోతే జబ్బు మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే రావలసి ఉంటుంది. అందుకని ఒకసారికి ఒక్క మార్పే చేయాలని నియమం పెట్టుకున్నాము. ఈలోగా బరువు మళ్లీ తగ్గితే, లేదా ప్రమాద సూచన ఏదైనా కనిపిస్తే, ప్రయోగం ఆపి వెంటనే వైద్యుని దగ్గరికి పోవాలన్నది రెండో నియమం.

మొదట పాలు మానిపించారు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైము పిల్లిపిల్లల్లో బాగా ఉంటుంది. తల్లిపాలు మానేశాక తగ్గిపోతుంది. జీర్ణంకాని లాక్టోజ్ పేగుల్లో పులిసి విరేచనాలు కలిగిస్తుంది. రెండు వారాల్లో చుక్కి మలం గట్టిపడింది. కాని వాంతుల లెక్క మారలేదు. అంటే నాయన చెప్పింది సగం నిజం. పాలు పడటం లేదు, వాంతులకు కారణం మాత్రం పాలు కాదు.

తర్వాత రెండు పూటల తిండిని నాలుగు భాగాలు చేసి, గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి పెట్టారు. చుక్కి ఇక గబగబా మింగలేకపోయింది. మొదటి గుంపు వాంతులు ఆగిపోయాయి! ఆత్రంగా మింగడమే వాటికి కారణమని చెప్పడానికి మంచి ఆధారం దొరికింది.

ఆ తర్వాత రోజూ దువ్వెనతో దువ్వసాగారు. పిల్లి వెంట్రుకలు మన గోళ్లలాగే కెరాటిన్‌తో తయారవుతాయి. అవి జీర్ణం కావు. నాకినప్పుడు లోపలికి పోయినవి చాలావరకు మలంతో పోతాయి. కొన్ని ఉండకట్టి బయటికి వస్తాయి. రెండో గుంపు వాంతి మళ్లీ కనిపించలేదు. అయితే మొదట ఉన్నవే రెండు. ఇంత తక్కువ లెక్కతో "దువ్వడంవల్లనే తగ్గింది" అని గట్టిగా చెప్పకూడదు. పుస్తకంలోనూ అలాగే రాసింది ఆ అమ్మాయి.

మిగిలింది మూడో గుంపు. రాత్రంతా పొట్ట ఖాళీగా ఉంటే పైత్యరసం చిన్నపేగు నుంచి జీర్ణాశయంలోకి ఎగదన్ని, తెల్లవారుజామున పసరు కక్కవచ్చు. అది నిజమైతే రాత్రి పొద్దుపోయాక కొంచెం తిండి పెడితే ఆగాలి కదా? పెట్టి చూశారు. ఆగలేదు.

కొట్టివేయగా కొట్టివేయగా మిగిలినది ఇదొక్కటే. దీని కారణం తెలియదు. బరువు ఇంకా తగ్గకపోయినా, పెరగనూ లేదు.

ఒకరోజు తెల్లవారుజామున

చుక్కి మళ్లీ కక్కింది. ఆ అమ్మాయి టార్చిలైటు వేసి చూసింది. నురుగులో తెల్లటి పురుగు ఒకటి, మూడు సెంటీమీటర్ల పొడవున, మెలికలు తిరుగుతూ ఉంది! చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని ఒక మూత సీసాలోకి తీసింది. నేలను తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కుంది. పిల్లుల కడుపులోని పురుగులు కొన్ని మనుషులకూ రాగలవు కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. తెల్లారాక సీసా వైద్యుని దగ్గరికి వెళ్లింది.

చూడగానే అది మామూలు ఏలికపాము కావచ్చుననిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో తల భాగాన్ని పరీక్షించాక అది ఫైసలోప్టెరా అని తేలింది. ఇది పేగుల్లో కాదు, జీర్ణాశయంలో ఉండే పురుగు. జీర్ణాశయం గోడను గట్టిగా కరిచి పట్టుకుని ఉంటుంది. నాలుగైదు పురుగులు ఉన్నా చాలు, అక్కడి గోడ వాచి, పిల్లి మాటిమాటికీ కక్కుతుంది.

మరి మలం పరీక్షలో దీని గుడ్లు ఎందుకు కనిపించలేదు? జవాబు మీ వంటింట్లోనే దొరుకుతుంది.

చేసి చూడండి

ఒక గాజుగ్లాసులో మంచినీళ్లు పోసి అందులో తాజా కోడిగుడ్డు వేయండి. మునుగుతుంది. ఇప్పుడు చెంచా చెంచా ఉప్పు వేసి మెల్లగా కలపండి. కొంతసేపటికి గుడ్డు పైకి తేలుతుంది! గుడ్డు మారలేదు, నీటి సాంద్రత పెరిగింది. ఇప్పుడు అందులో ఒక చిన్న గులకరాయి వేయండి. మునుగుతుంది. ఉప్పు ఇక కరగనంతవరకు వేసినా సరే, అది తేలదు.

పురుగుల గుడ్లను చూసే మామూలు పరీక్ష కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మలాన్ని చిక్కటి ఉప్పు ద్రావణంలో కలిపి ఉంచుతారు. బరువైన చెత్త అడుక్కి పోతుంది. తేలికైన గుడ్లు పైకి తేలి, పైన ఉంచిన గాజుపలకకు అంటుకుంటాయి. ఆ పలకను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. సంతృప్త ఉప్పు ద్రావణం సాంద్రత నీటితో పోలిస్తే సుమారు 1.20 రెట్లు.

ఇప్పుడు గుడ్ల సంగతి. 1982లో డేవిడ్, లిండ్‌క్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పురుగుల గుడ్ల సాంద్రతలను కొలిచి ప్రచురించారు. కుక్కల కొంకిపురుగు గుడ్డు సుమారు 1.06. పిల్లి ఏలికపాము గుడ్డు 1.10. ఫైసలోప్టెరా గుడ్డు 1.24.

ఈ అంకెలను 1.20 పక్కన పెట్టి చూడండి. మొదటి రెండూ ఉప్పు ద్రావణంలో కోడిగుడ్డులా తేలుతాయి. మూడోది గులకరాయిలా అడుక్కి పోతుంది. పరీక్ష చేసేవారు చూసేది పైన. గుడ్లు ఉన్నది అడుగున! అవి కనిపించాలంటే ఇంకా చిక్కటి ద్రావణమైనా వాడాలి, అడుగున చేరిన అవక్షేపాన్నయినా చూడాలి. పైగా గుడ్లు ప్రతిరోజూ మలంలో పడకపోవచ్చు కూడా.

పరీక్ష తప్పు చెప్పలేదు. "ఉప్పు నీటిలో తేలే గుడ్లు ఉన్నాయా?" అన్న ప్రశ్నకు "లేవు" అని సరిగానే చెప్పింది. "పురుగులు ఉన్నాయా?" అన్నది వేరే ప్రశ్న. "పురుగులు లేవు" అన్న మాట కొట్టివేయించింది ఇందుకే.

రాస్ దోమలు

ఈ పొరపాటు గొప్పవారినీ ఇబ్బంది పెట్టింది. దోమలవల్ల మలేరియా వ్యాపిస్తుందేమోనని రోనాల్డ్ రాస్ 1895 నుంచి దోమలను కోసి, వాటి లోపల మలేరియా పరాన్నజీవి కోసం వెతికాడు. ఎన్ని కోసినా కనిపించలేదు. "దోమల్లో లేదు" అని ఆయన పని మానుకుని ఉండవచ్చు. నిజానికి ఆయన అప్పటిదాకా చూసినవి మలేరియాను మోయని రకాల దోమలు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో, వేరొక రకం దోమను, అంటే అనాఫిలిస్‌ను, కోసి చూసినప్పుడు దాని పొట్ట గోడలో పరాన్నజీవి కనిపించింది. అంతకు ముందరి "లేదు" అన్నది ఆ రకం దోమలకే చెల్లుతుంది, దోమలన్నిటికీ కాదు.

చుక్కి కథకూ రాస్ దోమకూ ఇంకొక పోలిక ఉంది. మలేరియా పరాన్నజీవికి దోమ ఎలా అవసరమో, ఫైసలోప్టెరాకు అలా ఒక కీటకం అవసరం. పిల్లి మలంలో పడిన గుడ్డు మరొక పిల్లి కడుపులోకి నేరుగా పోయినా పురుగు కాలేదు. ఆ గుడ్డును బొద్దింకో, ఇలకోడో, పెంకుపురుగో తినాలి. దాని శరీరంలో డింభకం పెరగాలి. ఇటువంటి జీవిని మాధ్యమిక ఆతిథేయి అంటారు. ఆ కీటకాన్ని పిల్లి తింటే డింభకం పిల్లి జీర్ణాశయంలో పెద్ద పురుగు అవుతుంది. కీటకాన్ని తిన్న బల్లిని పిల్లి తిన్నా అంతే.

"ఇల్లు దాటని పిల్లికి పురుగులు ఎలా వస్తాయి?" అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు తెలిసింది కదా! చుక్కి గడప దాటలేదు. కాని బొద్దింకకు గడప అడ్డం కాదు. వీధిపిల్లులు తిరిగే కాలువలో మేసి, తూములోంచి వంటింట్లోకి వచ్చింది. మూడో వారంలో కనిపించిన బొద్దింక కాలు నోటుపుస్తకంలో అప్పటికే ఉంది. రాసినప్పుడు దాని విలువ ఎవరికీ తెలియదు. చిన్నదని రాయకుండా వదిలేసి ఉంటే ఇప్పుడు చూపించడానికి మిగిలేది కాదు.

నయమైంది. మరి నిరూపణ అయిందా?

వైద్యుడు పిల్లి బరువును బట్టి పురుగులమందు ఇచ్చాడు. రెండు వారాల తర్వాత మళ్లీ ఇచ్చాడు. తెల్లవారుజాము వాంతులు ఆగిపోయాయి. ఎనిమిది వారాలు గడిచేసరికి బరువు 3 కిలోల 300 గ్రాములకు చేరింది.

మందు ఇచ్చాక తగ్గింది కనుక మందువల్లనే తగ్గిందని అనవచ్చా? తొందరపడవద్దు. కొన్ని బాధలు వాటంతట అవే తగ్గుతాయి. కోడి కూసింది కనుక తెల్లవారలేదు కదా! అయితే ఇక్కడ ఆధారం ఒక్కటి కాదు. పురుగు కంటికి కనిపించింది, అదేమిటో తేలింది. అది వాంతి ఎలా కలిగిస్తుందో తెలుసు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే బొద్దింక కాలు ఉంది. మిగతా కారణాలను ఒక్కొక్కటే తీసివేసి చూశాము. మందు పడ్డాక వాంతులు ఆగాయి, బరువు పెరిగింది. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. అందువల్ల ఈ నిర్ణయాన్ని నమ్ముతున్నాము. రేపు మళ్లీ వాంతులు మొదలైతే ఆ నమ్మకాన్ని తిరిగి పరీక్షిస్తాము.

ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రిపూట ఎంగిలి గిన్నెలు కడిగే పడుకుంటారు. తూముకు సన్నజల్లెడ బిగించారు. బొద్దింకల కోసం మందు పిచికారీ చేయడం లేదు. అటువంటి మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. దారపు ఉండలు మూత ఉన్న డబ్బాలోకి చేరాయి. పాలు మాత్రం చుక్కికి ఇక లేవు!

మీ ఇంట్లో పిల్లి గాని, కుక్క గాని, దూడ గాని ఉంటే మీరూ ఇలాంటి పుస్తకం పెట్టవచ్చు. పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే తిరుపతిలో 1955లో స్థాపించిన పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా మీ పుస్తకం వెంట తీసుకుపోండి. పిల్లి మాట్లాడలేదు, దాని తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.

ఆలోచించండి

1. ఉప్పు ద్రావణంలో బద్దెపురుగు గుడ్డు (సాంద్రత సుమారు 1.23) తేలుతుందా, మునుగుతుందా?

2. చుక్కికి పాలు మానిపించడం, పళ్లెం మార్చడం ఒకేరోజు చేసి ఉంటే ఏ రెండు సంగతులు మనకు తెలిసేవి కావు?

3. "మా బావిలో నీళ్లు పరీక్ష చేయించాము, ఏమీ లేదన్నారు" అని ఎవరైనా మీతో అంటే, మీరు వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఏమిటి?